పటంలోని రాక్షసి, మా నాన్న చేతి గాట్లు

నేను రాసిన ఉత్తరాలకు ఇంతవరకు జవాబు రాలేదు. చేరలేదేమోనని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పోస్టాఫీసులో ఊరివారీగా ఉత్తరాలు విడదీసే పనిలోనే ఉన్నాను. ఏది చేరుతుందో ఏది చేరదో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అవి చేరాయి. ఎవరో చదివారు. చదివి పక్కన పెట్టారు. అందుకే ఈసారి ఉత్తరం రాయకుండా స్వయంగా వెళ్ళి చూసి వచ్చాను. చూసింది చూసినట్టు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సంగతి ఇది. మా విజయవాడలో ఒక ప్రదర్శనశాల ఉంది. పేరు రాయను. నా తగువు అక్కడి గోడ మీదున్న ఒక్క వాక్యంతోనే. పూర్వం ఓడల్లో వచ్చిన తెల్లవాళ్ళు మన తీరాన్ని గీసుకున్న పటాల నకళ్ళు అక్కడ వరసగా పెట్టారు. అందులో ఒక పటంలో మచిలీపట్నం పేరు వంకరటింకర అక్షరాల్లో ఉంటుంది. కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంటుంది. నేల మీద ఖాళీ ఉన్నచోట ఒక ఏనుగు. దాని తొండం చివర బాకాలాగా వెడల్పుగా ఉంటుంది, పాదాలు కుక్క పాదాల్లా ఉంటాయి. సముద్రంలో ఒక తిమింగలం తల మీది రెండు గొట్టాల్లోంచి నీళ్ళు చిమ్ముతుంటుంది. దానికి పంది చెవులు. నది కలిసే మొగ దగ్గర ఇంకో జంతువు. ఒళ్ళంతా పెద్ద చేప, మూతి మాత్రం రంపం. రంపానికి రెండు వైపులా పళ్ళు.

కింద అట్ట మీద మూడింటికీ పేర్లు రాశారు. మొదటిది భారతదేశపు ఏనుగు. రెండోది తిమింగలం. మూడోది "ఈ తీరంలో ఎన్నడూ లేని, ఊహాజనితమైన సముద్ర రాక్షసి".

నేను అక్కడి అధికారిణి దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసు, మర్యాదగానే మాట్లాడింది, కానీ మొదటి మాటే "ఏంటి అంకుల్" అంది. నేను ఆమెకు అంకుల్ని కాను. ఆ సంగతి అప్పుడు అనలేదు.

"మేడమ్, ఆ ఏనుగు కాళ్ళు చూశారా? అవి కుక్క కాళ్ళు. దాన్ని ఊహాజనితం అని రాయలేదేం?"

"ఏనుగు ఉంటుంది కదా అంకుల్."

"ఈ రంపపు చేపా ఉండేది."

"ఎక్కడో ఆస్ట్రేలియాలో ఉందట, నేనూ చదివాను. మన దగ్గర ఉందని ఏముంది? మీరు చూశారా?"

"నేను చూడలేదు. మా నాన్న చూశాడు."

ఆమె నవ్వింది. ఎగతాళిగా కాదు, పెద్దవాళ్ళ మాటకు నవ్వినట్టు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆ కాలంలో పటాలు గీసినవాళ్ళందరూ ఇక్కడికి వచ్చి గీయలేదట. ఒకరి పటం చూసి ఇంకొకరు గీసేవాళ్ళట. ఖాళీగా ఉంటే కొనేవాడికి నచ్చదని జంతువులు, ఓడలు వేసి నింపేవాళ్ళట. ఆ చేపను ఏ సముద్రంలోంచి ఎత్తుకొచ్చి ఇక్కడ వేశారో ఎవరికి తెలుసు అంది.

ఆ మాటలో న్యాయం ఉంది. అది నేనూ ఒప్పుకుంటాను. పటం గీసినవాడు కృష్ణ మొగ దగ్గర నిలబడి ఆ చేపను చూశాడని నేను అనలేదు. కానీ 'ఎన్నడూ లేని' అని మీరెలా రాశారని అడిగాను.

"ప్రూఫ్ ఏదైనా ఉంటే తీసుకురండి అంకుల్. పైవాళ్ళకు పంపిస్తాను. అట్ట మార్చాలంటే వాళ్ళే మార్చాలి."

పైవాళ్ళకు నేనే రాశాను. మళ్ళీ రాశాను. ఆ తర్వాతే బస్సెక్కాను.

గవర్నర్‌పేట

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున సంచీ భుజాన వేసుకుని గవర్నర్‌పేట మీదుగా నడిచి బస్టాండుకు వెళ్ళాను. ఆటో ఎక్కితే సరిపోయేది. కానీ ఒక లాడ్జీ ముందు నుంచి వెళ్ళాలనుకున్నాను. ఆ లాడ్జీ ఇప్పుడు లేదు. కింద సెల్‌ఫోన్ కవర్ల హోల్‌సేలు కొట్లు, పైన కోచింగ్ సెంటరు. మెట్లు మాత్రం పాతవే.

మా నాన్న యాకోబు ఆ మెట్ల కింద వాచ్‌మన్‌గా కూర్చునేవాడు. అంతకు ముందు కృష్ణ మొగ దగ్గర వల లాగేవాడు. ఆయన ఎడమ చేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా గాట్లు ఉండేవి. దువ్వెనతో గీసినట్టు ఒకదాని పక్కన ఒకటి, మధ్య దూరం అంతా సమానం. వలలో పడ్డ రంపపు చేప మూతి విసిరితే తగిలాయని చెప్పేవాడు. ఆ చేత్తో ఇక వల లాగలేక బెజవాడ వచ్చాడు.

లాడ్జీ మేనేజరుకు ఆ చేప కథ పెద్ద వినోదం. కొత్తగా దిగినవాళ్ళకు నాన్నను పిలిచి చెయ్యి చూపించమనేవాడు. "చేపంట అండీ, రంపం పెట్టి కోసిందంట. గాజు పెంకులున్న గోడ దూకితే ఇలాగే కోసుకుంటాయి. ఏమోయ్ యాకోబూ, ఏ గోడో చెప్పు, మేమేం అనుకోం" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నాన్నా నవ్వేవాడు. ఉద్యోగం కదా.

ఒకసారి ఒక బట్టల వ్యాపారి పెట్టె పోయింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. మేనేజరు పోలీసుల ముందు నాన్న చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. "గోడలు దూకిన చెయ్యి సార్, చూడండి" అన్నాడు. వాళ్ళు నాన్నను స్టేషన్‌కు తీసుకెళ్ళి, మర్నాడు వదిలిపెట్టారు. పెట్టె ఎవరు తీశారో తేలలేదు. నాన్న ఉద్యోగం మాత్రం పోయింది. తర్వాత ఆయన హోల్‌సేలు కొట్లలో మూటలు మోశాడు. బెజవాడ మే నెల ఎండలో కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, గుండీ పెట్టుకుని మోశాడు. చనిపోయేదాకా మా ఇంటి బయట ఆ చెయ్యి ఎవరికీ చూపించలేదు.

బడిలో నేను ఆ చేప సంగతి చెబితే మా మాస్టారు చెంప మీద కొట్టి, అబద్ధాలు ఇంట్లోనే నేర్పుతున్నారా అన్నాడు. ఆ మాస్టారు లేడు. మేనేజరూ లేడు. వాళ్ళు అన్న మాటే ఇప్పుడు అద్దం వెనక, అచ్చు అక్షరాల్లో, గోడ మీద ఉంది.

ఉయ్యూరు

నాగాయలంక బస్సు ఉయ్యూరు దగ్గర ఆగిపోయింది. చెరకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వైపు బారులు తీరి ఉన్నాయి. గాలంతా బెల్లం పాకం మాడిన వాసన. ఊరివాళ్ళకు ఆ వాసన తెలియదట. అడిగితే "ఏ వాసనండీ?" అంటారు. మా బెజవాడ వాళ్ళకు కాలవల వాసన తెలియనట్టే.

బస్సు కదిలేలా లేదని దిగి చెరకు రసం బండి దగ్గరికి వెళ్ళాను. రసంలో అల్లం, నిమ్మకాయ వేసి గ్లాసు ఇరవై రూపాయలకు ఇచ్చింది ఆ బండామె. మా గవర్నర్‌పేటలో ఇదే ముప్పై, అందులో సగం ఐసు. బండికి రెండు పక్కలా సింహం బొమ్మలు వేసి ఉన్నాయి. సింహానికి మనిషి మీసాల్లాంటి మీసాలు, పైకి మెలితిప్పి.

"ఎవరు వేశారమ్మా ఈ సింహాలు?"

"గుడివాడ పెయింటరండీ. బాగున్నాయా?"

"ఆయన సింహాన్ని చూశాడంటావా?"

"ఎక్కడ చూస్తాడండీ పాపం. బండి నిండుగా ఉండాలన్నాను, వేశాడు. నేనూ చూడలేదు." రసం తీసిన పిప్పిని మళ్ళీ మిషన్‌లో పెడుతూ, "ఎక్కడిదాకా బాబాయిగారూ?" అని అడిగింది.

"నాగాయలంక. ఒక చేప కోసం."

"చేప కోసం అంత దూరమా? ఇక్కడ బజార్లో దొరకదా?"

"ఇప్పుడు లేని చేపమ్మా అది."

ఆమె మిషన్ ఆపి నన్నోసారి చూసింది. అప్పుడే వెనక హారన్ మోగింది. తిరిగి చూసేసరికి ట్రాక్టర్ల మధ్య దారి దొరికి బస్సు వెళ్ళిపోతోంది. పరుగెత్తే వయసు కాదు. సంచీ నా భుజానే ఉంది కాబట్టి సరిపోయింది, గొడుగు మాత్రం సీటు మీద ఉండిపోయింది.

"లేని చేప కోసం ఉన్న బస్సు పోగొట్టుకున్నారు చూడండి!" అంది. నవ్వుతూ ఇంకో గ్లాసు చేతికిచ్చి, డబ్బు ఇస్తుంటే వద్దంది. తర్వాతి బస్సు వచ్చేదాకా నా కోసం స్టూలు నీడలోకి జరిపింది. కండక్టరు మాత్రం నన్ను లెక్క చూసుకోకుండా బస్సు పోనిచ్చాడు. ఆ సంగతి డిపోకు రాశాను. దానికీ జవాబు రాలేదు.

ఆ స్టూలు మీద కూర్చుని ఆ మీసాల సింహాన్నే చూస్తూ ఉన్నాను. దాన్ని చూసి సింహాలు లేవని ఎవరూ అనరు. బొమ్మ తప్పంటారు, జంతువు నిజమంటారు. ఎందుకంటే సింహాన్ని చూసినవాళ్ళు ఎక్కడో ఒకచోట ఇంకా ఉన్నారు, ఫోటోలున్నాయి. చూసినవాళ్ళు పోతే బొమ్మ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు దాన్ని అలంకారం అంటారు.

అవనిగడ్డ

సాయంత్రం దాకా ఇంకో బస్సు దొరకలేదు. రాత్రికి అవనిగడ్డలో దిగి, మర్నాడు మధ్యాహ్నం అక్కడే ఒక మెస్‌లో భోంచేశాను. మా ఊళ్ళో ముందు టోకెన్ అడుగుతారు. ఇక్కడ ముందు అరటాకు వేసి, ఆకు ఖాళీ అయ్యేదాకా డబ్బు మాట ఎత్తలేదు. మెత్తళ్ళ ఇగురు పెట్టారు. వేలెడంత లేని చేపలు, ముల్లుతో సహా నమిలేయడమే. మా నాన్న వండే ఇగురుదీ అదే రుచి. ఆయనే వండేవాడు. సముద్రపు చేప అమ్మకు లొంగదని అనేవాడు.

వడ్డిస్తున్న పెద్దాయనను రంపపు చేప గురించి అడిగాను. పక్క బల్ల మీది కుర్రాళ్ళు ఫోన్లో బొమ్మ తీసి చూపించి, "ఇదే కదా సార్, టీవీలో చూశాం, ఫారిన్‌ది" అన్నారు. ఫారిన్‌ది కాదు, మీ ఊరికి కూతవేటు దూరంలో మా నాన్నను కోసిందని చెప్పాను. వాళ్ళు మర్యాదగా తలలూపి ఫోన్లలోకి వెళ్ళిపోయారు.

వడ్డించే ఆయన మాత్రం మజ్జిగ పోస్తూ వంగి, "ఎండుచేపల మస్తాన్‌వలీ గారిని అడగండి, నాగాయలంకలో. పాత సంగతులన్నీ ఆయనకే తెలుసు. ముందు టీ తాగించండి, లేకపోతే మాట్లాడడు" అన్నాడు.

నాగాయలంక

నాగాయలంక రేవులో పడవలు వచ్చి ఉన్నాయి. పీతల్ని కాళ్ళు కట్టి బుట్టల్లో సర్దుతున్నారు. పెద్దవి ఎగుమతికట, చితికినవి ఊరికట. చితికినవాటికి చెప్పిన ధర వింటే బెజవాడ వాళ్ళు నమ్మరు, మా ధరలో పావు వంతు కూడా లేదు.

మస్తాన్‌వలీ (ఆయన అసలు పేరు ఇది కాదు) ఎండుచేపల కొట్టు రేవుకు కొంచెం వెనక ఉంది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, తెల్ల టోపీ, గళ్ళ లుంగీ. టీ తెప్పించాను. సగం తాగాక నాన్న చేతి గాట్ల సంగతి, నా ఉత్తరాల సంగతి చెప్పి, చేప గురించి అడిగాను. ఆయన పక్కనున్న రాళ్ళ ఉప్పు కుప్పను అరచేత్తో చదును చేసి, దాని మీద వేలితో చేపను గీశాడు. రంపం గీసి, రెండు పక్కలా పళ్ళు పెట్టాడు.

"ఇదేనా?"

"ఇదేనండి."

"మా నాన్న కొనేవాడండీ. సొర రెక్కల వ్యాపారం మాది. రెక్కలు ఒకళ్ళకి, రంపం ఇంకొకళ్ళకి. రంపాన్ని షావుకార్లు షోకేసులో పెట్టుకునేవాళ్ళు. నా పెళ్ళి నాటికి ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. తర్వాత అసలు లేదు."

"ఎందుకు లేకుండా పోయింది?"

"వలలండీ. నూలు వలైతే రంపంతో కోసుకుని పోయేది. నైలాను వలలొచ్చాయి. కోసుకోలేకపోయింది. ఆ రంపమే దానికి చేటు. ఎటు తిప్పినా ఇంకా చుట్టుకునేది." ఉప్పు మీది రంపానికి ఇంకో పన్ను పెట్టాడు. "అన్నట్టు మీ నాన్నకి ఏ చేతి మీద?"

"ఎడమ చేతి మీద."

"అంతే. కుడిచేత్తో వల పట్టుకుని ఎడం చేత్తో దాన్ని తీయబోతారు. చచ్చిందనుకుంటారండీ. చచ్చినట్టే పడుంటది. దగ్గరికెళ్ళాక తల తిప్పుద్ది."

మా నాన్న చెప్పింది అక్షరాలా ఇదే. "చచ్చిందనుకున్నానురా, తల తిప్పింది" అనేవాడు. ఆ మాట నేను మస్తాన్‌వలీ గారికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. టీ గ్లాసు కింద పెట్టి ఉప్పు మీది ఆ పళ్ళు లెక్కపెట్టాను. ఆయన అది చూసి ఇంకో టీ చెప్పాడు, ఈసారి తన ఖాతాలో.

తర్వాత నేను కాగితం తీశాను. ఇప్పుడు చెప్పిందే రాసి సంతకం పెట్టమన్నాను.

"సంతకమా?" కుర్చీలో వెనక్కి జరిగాడు. "చెప్పమంటే నమాజుకెళ్ళొచ్చి మరీ పొద్దుగూకేదాకా చెప్తాను. సంతకం మాత్రం అడక్కండి. ఇప్పుడు ఆ చేప పట్టినా, అమ్మినా, దాని ముక్క ఇంట్లో ఉన్నా కేసేనంట. మేం అమ్మామని నా చేత్తో నేనే రాసిస్తానా? మా మనవడు గవర్నమెంటు ఉద్యోగానికి పరీక్షలు రాస్తున్నాడు."

"అప్పటికి చట్టం లేదు కదండీ."

"ఆ సంగతి మీరు చెప్తే వాళ్ళు వింటారా? మీ ఉత్తరాలకే జవాబు రాలేదన్నారుగా."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, సముద్రం వైపున్న ఒక పల్లె పేరు చెప్పాడు. "అక్కడ గుడి చూసి రండి. నేనేం చెప్పలేదు."

పేరు రాయని ఊరు

ఆ ఊరి పేరు రాయను. ఏ పాయకు ఏ ఒడ్డున ఉందో కూడా రాయను. అక్కడివాళ్ళ పేర్లు నేను పెట్టినవి. గుడి గుర్తులు కొన్ని మార్చాను. వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళకు దొరకదు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

ఆటోలో కొంత దూరం, తర్వాత మడ అడవి మధ్య పడవలో వెళ్ళాను. దిగేటప్పుడు బురదలో కాలు దిగబడి ఒక చెప్పు అందులోనే ఉండిపోయింది. పడవతను వెతికి తీశాడు గానీ అది ఇక నాది అనిపించలేదు. చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని ఊళ్ళోకి నడిచాను. అక్కడ ఎవరికీ అది వింతగా అనిపించలేదు. అందరూ అలాగే నడుస్తున్నారు.

గుడి చిన్నది. కతోలికుల గుడి. మేం ప్రొటెస్టెంట్లం, మా మందిరంలో విగ్రహాలుండవు, బల్లలుంటాయి. ఇక్కడ బల్లలు లేవు, కింద చాపలు. క్రిస్మస్‌కి రంగులు వేస్తున్నారు. విగ్రహాల్ని బయటికి తెచ్చి కొబ్బరి పట్టలతో తుడుస్తున్నారు. దేవదూతను వాళ్ళు సమ్మనసు అంటారు. ఆ సమ్మనసు విగ్రహం కుడి చెయ్యి ఖాళీగా ఉంది. ఆయన కత్తి పక్కనే రెండు ఇటుకల మీద ఆరబెట్టి ఉంది. వెండి రంగు వేసి, అంచుల వెంట వరసగా పొడుచుకొచ్చిన మొనలకు ఎర్ర రంగు అద్దారు. మంటల్లాగా.

నేను ఆ మొనల మధ్య దూరం చూశాను. చూడగానే తెలిసింది. నా చెయ్యి దానంతట అదే వెళ్ళి దాన్ని తాకింది. వేళ్ళకు, చొక్కా అంచుకు రంగంటుకుంది.

"అయ్యో, తడండీ తడి!" అంటూ బ్రష్షుతో వచ్చాడొకాయన. ఆ గుడిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి ఇన్నయ్య. నలభై దాటిన మనిషి, మెడలో జపమాల, లుంగీ మీద అన్ని రంగులూ. "వందనాలండి. ఎవరి తాలూకా?"

చెప్పాను. ఆ కత్తి దేంతో చేశారని అడిగాను.

"చెక్కండీ. అగ్ని ఖడ్గం. మా తాతల కాలంలో వడ్రంగి చెక్కాడంట. చూడండి, ఒక్కో మంట ఎంత సమానంగా చెక్కాడో. ఏటా రంగు మేమే వేస్తాం."

"ఇది చెక్క కాదండీ."

"చిన్నప్పటి నుంచీ రంగు వేసేది నేను. నాకు తెలీదా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు కోపం రాలేదు. నిజంగానే ఆయన ఏటా ఆ పళ్ళను ఒక్కొక్కటే తుడిచి, మంటలనుకుని, రంగు వేశాడు. పూత మీద పూత పడి పళ్ళు గుండ్రంగా అయిపోయాయి.

గుమ్మంలో కూర్చుని పూలు గుచ్చుతున్న ముసలామె, ఇన్నయ్య తల్లి సుగుణమ్మ, మా మాటలు వింటోంది. "ఆయన చెప్పేది నిజమేరా" అంది.

ఇన్నయ్య బ్రష్షు దించాడు. "ఏంటమ్మా?"

"చేప మూతే అది. ఉప్పెనకి సమ్మనసు చేతిలో కత్తి ఇరిగిపోయింది. మీ తాత ఇంట్లో చూరులో ఉన్న రంపం తెచ్చి పెట్టాడు. ఉప్పెనలో ఇల్లు పోయింది, మనుషులు పోయారు, అదొక్కటీ చూరుతో పాటు కొట్టుకొచ్చి తాడిచెట్టుకి తగులుకుంది. అందుకని తెచ్చి దేవుడికిచ్చాడు. అప్పటి ఫాదరుగారు జంతువు ఎముక పీఠం మీద వద్దంటారేమోనని చెప్పలేదు. రంగేసేశాడు. తర్వాత చెప్పాల్సిన పని రాలేదు."

"నాక్కూడా చెప్పలేదేంటే?"

"నువ్వు అగ్ని ఖడ్గం అని అంత సంబరంగా పిల్లలకి చెప్తుంటే ఎట్టా చెప్పను?"

ఇన్నయ్య ఆ కత్తి పక్కన చతికిలబడ్డాడు. నేను నా సంగతి మొత్తం చెప్పాను. లాడ్జీ, మేనేజరు, పెట్టె, ఫుల్ చేతుల చొక్కా, పటం, అట్ట మీది వాక్యం, జవాబు రాని ఉత్తరాలు. సుగుణమ్మ పూలు పక్కన పెట్టి విన్నది. విని, లోపలికెళ్ళి కూరగాయల కత్తి తెచ్చి నా చేతికిచ్చింది. "పిడి దగ్గర గుడ్డ చుట్టి ఉంటది. ఆ గుడ్డ కింద గీకండి, కనపడదు" అంది.

గీకాను. వెండి రంగు కింద నీలం, నీలం కింద పసుపు, దాని కింద సున్నం. అన్నిటి కింద బూడిద రంగు ఎముక. ఒక పన్ను అక్కడ ఎప్పుడో రాలిపోయి, అది ఉన్న గుంట మిగిలి ఉంది. ఆ గుంటలో నా చిటికెన వేలి కొన పట్టింది. ఫోన్ తీసి ఫోటో తీశాను. నా జన్మలో అంత జాగ్రత్తగా ఫోటో తీయలేదు.

అప్పుడు ఇన్నయ్య లేచాడు. "ఆ ఫోటో ఏం చేస్తారండీ?"

"బెజవాడలో చూపిస్తాను."

"ఎక్కడిదని అడుగుతారు గదా?"

"అడుగుతారు. చెప్పాలి."

"మొన్న పడవల వాళ్ళ మీటింగులో చెప్పారండీ. ఈ చేప ముక్క ఇంట్లో ఉన్నా కేసంట. గుడిలో ఉంటే కేసు నా మీదా, ఫాదరుగారి మీదా? కేసు మాటటుంచండి. వచ్చి పట్టుకుపోతారు. ఏ ఆఫీసు బీరువాలోనో పెడతారు. క్రిస్మస్‌కి సమ్మనసు చేతిలో ఏం పెట్టను?"

"నేను ఒప్పించి రాయిస్తాను, ఇది పాతదని..."

"మీ ఉత్తరాలకి జవాబులొస్తున్నాయా?"

మస్తాన్‌వలీ గారూ ఇదే అడిగాడు. ఒకే వారంలో ఇద్దరు నన్ను ఒకే మాట అడిగారు. నేను మొండికేశాను. ఇంత దూరం వచ్చి, చేతికి అందింది వదులుకోనన్నాను. నా తండ్రిని దొంగన్నారని గట్టిగానే అరిచాను. రంగులు వేస్తున్నవాళ్ళు పని ఆపి చూశారు. ఇన్నయ్య గొంతు పెంచలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అంతే.

సుగుణమ్మ అంది: "బాబూ, మీ నాన్నని గురించి మేమెవరమూ అనుమానపడలేదు. కత్తి తెచ్చి చేతికిచ్చాను చూడండి. మీరు నమ్మించాల్సింది మమ్మల్ని కాదు. వాళ్ళని నమ్మించడానికి మాది పట్టుకుపోతే, రేపు మేం ఎవరికి రాసుకోవాలి?"

 ఆ మాటకు ఇప్పటికీ జవాబు తెలియదు. పీతల ఇగురుతో అన్నం పెట్టారు. తిన్నాను. తిన్నాక ఫోన్ తీసి ఇన్నయ్య ముందే ఆ ఫోటో చెరిపేశాను. చెరిపినవి దాచుకునే చోటు ఇంకొకటి ఉంటుందని చెప్పి ఆయనే అక్కడా తీసేశాడు. గీకిన చోట నేనే రంగు అద్దాను. గుడ్డ చుట్టి కట్టాను. విగ్రహాల దగ్గర మోకరించడం మా అలవాటు కాదు, మోకరించలేదు. కానీ ఆ రంపం ముందు చాలాసేపు నిలబడ్డాను. నాన్నను కోసింది ఇది కాదు, ఇలాంటిది ఇంకొకటి. అదీ వల లోపల ప్రాణం కోసమే తల తిప్పింది.

మళ్ళీ బెజవాడ

వచ్చిన మర్నాడే ప్రదర్శనశాలకు వెళ్ళాను. అధికారిణి నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించింది.

"తెచ్చారా అంకుల్ ప్రూఫ్?"

"చూశాను."

"ఫోటో ఉందా?"

"తీశాను. చెరిపేశాను."

"ఎక్కడ చూశారు?"

"చెప్పను."

ఆమె పెన్ను మూత పెట్టింది. "అంకుల్, నేను మిమ్మల్ని నమ్ముతున్నాననే అనుకోండి. పైవాళ్ళకి ఏం చూపించను?"

ఆ పిల్ల తప్పేం లేదు. అట్ట ఆమె రాయలేదు, మార్చడం ఆమె చేతిలో లేదు. మంచినీళ్ళిచ్చింది, తాగి వచ్చేశాను. పటం ముందు మాత్రం కొంచెం ఆగాను. కుక్క కాళ్ళ ఏనుగు క్షేమంగా ఉంది. ఒక తండ్రి కొడుకును ఎత్తుకుని రంపపు చేపను చూపించి, "ఇదంతా ఉత్తదేరా, భయపడకు" అంటున్నాడు.

అందుకని నలుగురి ముందే పైవాళ్ళకు ఇది రాస్తున్నాను. మీరెవరో, ఎందరో నాకు తెలియదు. పటం గీసినవాడు దేన్ని చూసి గీశాడో తేల్చమని నేను అడగడం లేదు. ఆ పల్లె పేరు అడిగితే చెప్పను, ఎన్నిసార్లడిగినా చెప్పను. మీరు కోరిన సాక్ష్యం ఉంది. అది మీకు రాదు. నేను ఇవ్వగలిగింది నా మాట ఒక్కటే. నా తండ్రి దగ్గరున్నదీ అదొక్కటే.

అది చాలదనుకుంటే అనుకోండి. కానీ ఆ చేప ఈ తీరంలో ఎన్నడూ లేదని గోడ మీద రాసింది మీరు. కృష్ణ మొగలో వల లాగిన యాకోబు ఎడమ చేతి మీద, మోచేతి నుంచి మణికట్టు దాకా, సమాన దూరంలో గాట్లుండేవి. ఆ చేప లేకపోతే, వాటిని కోసింది ఏది? గాజు పెంకుల గోడేనా? అయితే గాజు గోడేనని రాయండి. కాకపోతే ఆ వాక్యం తీసేయండి. రెండింట్లో ఏదైనా సరే, కాగితం మీద, మీ పేరుతో, మీ సంతకంతో నాకు జవాబు రాయండి.